కార్డులో దాచిన అయిదు వారాలు

మా పెళ్లయి ఆ మంగళవారానికి పదమూడు వారాలు. కడుపులో బిడ్డకు ఇరవై. క్లినిక్‌లో నా పేరు మీదున్న పచ్చ కార్డులో మాత్రం పదిహేను. మొదటి రెండు అంకెలూ నిజం. మూడోది మేమిద్దరం మంచం మీద బోర్లా పడుకుని, దిండులో ముఖాలు దాచుకుని, పగలబడి నవ్వుకుంటూ కనిపెట్టింది.

హాలు దొరక్క మా పెళ్లి రెండు నెలలు వాయిదా పడింది. ఈలోపు మేముండబోయే గదికి మేమే రంగు వేసుకుందామని ఆదివారాలు మా ఆయన వాళ్లింటికి వెళ్లేదాన్ని. మా అత్తయ్య అప్పటికింకా బిస్కెట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో సూపర్‌వైజరు, ఆదివారాలు కూడా షిఫ్టు ఉండేది. రంగు ఆరేదాకా ఏం చేయాలో తోచని ఆదివారాలవి. ఇంతకంటే రాయను.

పెళ్లయిన ఎనిమిదో రోజు పరీక్ష పుల్ల మీద రెండు గీతలు కనిపించాయి. నాకు ఒళ్లంతా గంతులే. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ సంబరమే. ఒకే కొక్కేనికి రెండు తువ్వాళ్లు, నా చెప్పుల పక్కన అతని బూట్లు, గోడకు మేం వేసిన లేత నీలంలో నా వేలిముద్ర ఎండిపోయి ఉండటం, అన్నీ సంబరమే. అతనికి అప్పుడే చెప్పేశాను. అత్తయ్యకు ఆ రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాం.

సరిగ్గా అప్పుడే అత్తయ్య పై అంతస్తు వాళ్ల కబురు మోసుకొచ్చింది. వాళ్ల కోడలికి పెళ్లయిన ఏడో నెలలో బిడ్డ పుట్టాడట.

"నెలలు నిండని బిడ్డంట! నాలుగు కిలోలు తూగాడంట!" అంది అత్తయ్య గరిటె ఊపుతూ. "ముప్పై ఏళ్లు పనిచేశాను. మా ఫ్యాక్టరీలో అంత తక్కువ టైములో అంత సరుకు ప్యాక్ చేసిన మొనగాడు లేడు."

అతనికి పొలమారింది. నేను నీళ్ల గ్లాసు అందించి, తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తినేశాను.

మా ఆయన బస్సు డిపోలో టైమ్‌టేబుళ్లు తయారుచేస్తాడు. నేనతన్ని టైమ్‌టేబులనే పిలుస్తాను. అతను నన్ను పిచ్చుక అంటాడు, ఊరికే ఉండలేనని. ఆ రోజు మంచం మీద పడుకుని అతనన్నాడు, "పిచ్చుకా, బస్సు టైముకంటే ముందొచ్చేస్తే ఏం చేస్తామో తెలుసా? స్టాపుకి కాస్త ఇవతల ఆపేస్తాం. అయిదు నిమిషాలాగి, ఏమీ ఎరగనట్టు లోపలికి తెస్తాం. కాగితం మీద అంతా రైటు."

"మనం ఎన్ని నిమిషాలాగాలి?"

"నిమిషాలు కాదు, వారాలు. అయిదు." వేళ్ల మీద లెక్క కట్టాడు. నర్సులు చివరిసారి బయట చేరిన తేదీ నుంచి లెక్కేస్తారు కాబట్టి, ఆ తేదీని పెళ్లికి రెండు వారాల ముందుకి తెస్తే సరిపోతుందన్నాడు. "పుట్టేటప్పుడు కాస్త తొందరపడ్డాడంటే పోతుంది. అయిదు వారాలకెవరూ నవ్వరు."

నవ్వింది మేమే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తల కొట్టేసినట్టుంటుంది.

నెలాగి చెప్పాం. అత్తయ్య ఎగిరి గంతేసినంత పనిచేసింది. అప్పటికే రిటైరైంది కాబట్టి క్లినిక్‌కు నాతో తనే వచ్చింది. నర్సు పొడుగ్గా ఉంటుంది. తలుపులో నుంచి వంగి వస్తుంది. అట్టతో చేసిన గుండ్రటి చక్రం ఒకటి తిప్పుతూ తేదీ అడిగింది. నేను తడబడేలోపు అత్తయ్యే చెప్పింది, నేను తనకు చెప్పిన తేదీ. "మా వంటింటి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను" అని కూడా అంది గర్వంగా. నర్సు పచ్చ కార్డులో రాసుకుంది.

మొదటి స్కాన్‌కు నేను వెళ్లలేదు. స్కాన్‌లో బిడ్డ కొలత చూస్తే వారాలు బయటపడతాయని టైమ్‌టేబుల్ ఎక్కడో చదివాడు. స్కాన్ చేసే ఆవిడ బుధవారాలే వస్తుంది. ఒక బుధవారం జలుబన్నాను. ఇంకో బుధవారం షాపులో స్టాకు లెక్క అన్నాను. అత్తయ్యకు తెలియకుండా ఇద్దరమే వెళ్లి, ఆవిడ కాళ్లో గడ్డమో పట్టుకుందామని మా పథకం.

నేను కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్షిస్తాను. "ఇప్పుడు బాగుందా, ఇప్పుడా?" అని అద్దాలు మారుస్తూ రోజంతా అడగటమే నా ఉద్యోగం. ఒక పెద్దాయనకు అలా అద్దం మారుస్తుండగా కడుపులో మొదటిసారి కదిలింది. నీళ్లలో చిన్న చేప తోక తిప్పినట్టు, అంతే. నేను చెయ్యి గాల్లోనే ఉంచి నిలబడిపోయాను.

"ఏమ్మా, నాకా అద్దం పనికిరాదా?" అన్నాడాయన.

"పనికొస్తుందండీ. చాలా బాగా పనికొస్తుంది" అన్నాను. నా కళ్లలో నీళ్లు చూసి పాపం ఆయన భయపడ్డాడు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాలని నాలుక కొసదాకా వచ్చింది. కార్డు ప్రకారం అప్పటికి పదమూడు వారాలే. పదమూడు వారాలకు బిడ్డ కదలిక తెలియదు. మింగేశాను. అంత సంతోషాన్ని మింగటం నాకదే మొదటిసారి.

తర్వాతి గురువారం మామూలు పరీక్షకు వెళ్లాం. డాక్టరమ్మ సెలవులో ఉంది. పొడుగు నర్సు నా పొట్ట మీద అరచెయ్యి ఆనించి, కార్డు చూసి, మళ్లీ పొట్ట చూసింది.

"వారాలకు మించి ఉందే. తేదీ కరెక్టేనా అమ్మా?"

చెప్పటానికి నాకు దొరికిన మొదటి సందు అది. అత్తయ్య నా చెప్పులు చేతబట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"కరెక్టేనండీ" అన్నాను.

"అయితే కవలలేమో. బుధవారం స్కాన్‌లో చూద్దాం. ఈసారి తప్పకుండా రావాలి."

ఇంకేముంది! అత్తయ్య క్లినిక్ మెట్లు దిగేలోపే ముగ్గురికి ఫోన్ చేసింది. "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని మనం ఎన్ని ప్యాకెట్ల మీద స్టిక్కర్లంటించాం! ఇప్పుడు మా ఇంటికే వచ్చిందే ఆఫరు!" అని ప్యాకింగ్ విభాగం స్నేహితురాళ్లందరికీ చెప్పింది. సాయంత్రానికి పసుపు ఊలు ఉండలు కొనుక్కొచ్చి ఒక టోపీ మొదలుపెట్టింది. శుక్రవారానికి రెండోది మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఉండ విప్పి అందించాను. పైగా నవ్వాను కూడా.

శనివారం షాపులో నిలబడి ఉండగా పొత్తికడుపు అడుగున బరువు తెలిసింది. నొప్పి కాదు. లోపలేదో కిందికి వేలాడుతున్నట్టు. కూర్చుంటే తగ్గింది, లేస్తే మళ్లీ వచ్చింది. ఆదివారం నడుములో లాగుడు మొదలైంది. వస్తుంది, కాసేపుండి పోతుంది, మళ్లీ వస్తుంది.

"ఇద్దర్ని మోస్తున్నావమ్మాయ్, నడుము లాగక ఏం చేస్తుంది?" అంది అత్తయ్య. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి నడుము నొక్కింది. ముప్పై ఏళ్లు అట్టపెట్టెలు మడిచిన చేతులు, గట్టిగా, వెచ్చగా ఉంటాయి. నాకు హాయిగా ఉంది. లేని రెండో బిడ్డ పేరు చెప్పుకుని ఆ సేవ చేయించుకున్నాను.

సోమవారం తెల్లటి చెమ్మ ఎక్కువైంది, నీళ్లలా పల్చగా. మంగళవారం పొద్దున బాత్రూంలో దానిలో లేత గులాబీ చార కనిపించింది. క్లినిక్ గోడ మీద ఇలాంటివే రాసిన అట్ట ఒకటుంటుంది. నాలుగో నెల దాటాక వీటిలో ఏది కనిపించినా ఆగకుండా రండి అని. నేను దాని కిందే కూర్చుని టైమ్‌టేబుల్‌కు జోకులు పంపేదాన్ని. అట్ట మీద రక్తం అని ఉంది కదా, ఇది ఎరుపు కాదు కదా అని నాకు నేనే వకాలతు పుచ్చుకున్నాను. రేపెలాగూ బుధవారమే. ఈ రోజు వెళితే అత్తయ్య వెంట వస్తుంది. రేపైతే ఏదో వంక చెప్పి ఇద్దరమే వెళ్లొచ్చు.

ఒక్క రోజు. స్టాపుకి ఇవతల ఒక్క రోజు ఆగితే చాలనుకున్నాను.

పదకొండింటికి షాపులో ఒకామెకు అద్దాలు మారుస్తుండగా నడుములో లాగుడు ముందుకొచ్చి పొట్ట గట్టిపడింది. గోడ గడియారం చూశాను. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. మా ఓనరు నా ముఖం చూసి స్టూలు లాగి కూర్చోబెట్టి, నన్నడక్కుండా ఇంటికి ఫోన్ చేసేశాడు. ఇరవై నిమిషాల్లో అత్తయ్య టాక్సీ దిగింది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి మా ఆయన చెప్పు.

"నడుమేనా? ఇంకేమన్నా ఉందా?" అంది టాక్సీలో.

"నడుమేనత్తయ్యా."

డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చేసింది. లోపల నా బదులు అత్తయ్యే మాట్లాడింది. "పదిహేను వారాలండి. కవలలు. నడుము నొప్పి, మూడు రోజులైంది. పిల్ల నిలబడే ఉద్యోగం చేస్తుంది, ఎంత చెప్పినా వినదు."

డాక్టరమ్మ కార్డు చూసింది, నర్సు గురువారం రాసింది చదివింది. "రక్తం గానీ, నీరు గానీ?"

"అబ్బే, ఏమీ లేదండి" అంది అత్తయ్య. నేను చెప్పలేదు కాబట్టి తనకు తెలిసింది అంతే.

"కవలలైతే ఈ నడుము నొప్పి ఉంటుంది. రేపు స్కాన్ ఉంది కదా, అది చూసి మాట్లాడుకుందాం. ఈలోపు పడుకుని ఉండాలి" అంటూ డాక్టరమ్మ కలం తీసి చీటీ రాయటం మొదలుపెట్టింది.

కలం కదులుతోంది. నా పొట్ట మళ్లీ గట్టిపడుతోంది. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఆ చీటీ పూర్తయితే నేను ఇంటికి వెళ్లిపోతాను. రేపటిదాకా నన్నెవరూ ఏమీ అడగరు. నేను దాచిన అయిదు వారాలు క్షేమంగా ఉంటాయి. లోపలున్నది ఉంటుందో ఉండదో. ఇది అంత స్పష్టంగా నాకప్పుడే తెలిసింది. అయినా కలం వైపే చూస్తూ కూర్చున్నాను. సిగ్గంటే చెంపలు ఎర్రబడటమనుకునేదాన్ని. గొంతుకు అడ్డంపడి ఊపిరాడనివ్వనిది కూడా సిగ్గేనని ఆ కుర్చీలో తెలిసింది.

డాక్టరమ్మ చీటీ చించింది.

"పదిహేను కాదండీ" అన్నాను.

"ఏంటమ్మా?"

"వారాలు. ఇరవై. మేం తేదీ మార్చి చెప్పాం. కవలలు కాకపోవచ్చు. కింద బరువు శనివారం నుంచి ఉంది. నిన్నటి నుంచి నీళ్లలా పోతోంది. పొద్దున గులాబీ రంగు చార కనిపించింది. ఇప్పుడు పది నిమిషాలకోసారి పొట్ట బిగుసుకుంటోంది."

నా భుజం మీద చెయ్యి అలాగే ఉంది. నేను తలెత్తి చూడలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. చీటీ నలిపి పక్కన పడేసి నర్సును కేకేసింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. బూట్ల లేసులు విప్పటానికి నేను వంగబోతే అత్తయ్య నన్ను వెనక్కి నెట్టి తనే విప్పింది. ముడి బిగుసుకుపోయింది. పంటితో లాగింది. తర్వాత రెండు బూట్లూ చేత్తో పట్టుకుని తెర అవతలికి వెళ్లిపోయింది.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ నా తల దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "గర్భసంచి మూతి పొట్టిదై తెరుచుకుంటోంది. పదిహేను వారాల కవలలనుకున్నాను కాబట్టి నడుము నొప్పిలో నాకు తప్పు కనిపించలేదు. ఇరవై వారాల ఒక్క బిడ్డకు ఈ బరువు, ఈ నీరు, ఈ చార మామూలు కాదు. పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తున్నాను. నొప్పులు ఆగితే, లోపల ఇన్ఫెక్షన్ లేదని తేలితే, మూతికి కుట్టు వేస్తారు. నిలుస్తుందని మాట ఇవ్వలేను."

"శనివారమే వచ్చి ఉంటే?"

"ఇంతకంటే ధైర్యంగా చెప్పేదాన్ని" అంది. అంతకుమించి నన్ను నొప్పించలేదు. నాకదే చాలు.

పెద్దాసుపత్రిలో రాత్రికి నొప్పులు ఆగాయి. మర్నాడు పొద్దున కుట్టు వేశారు. దానికి ముందు స్కాన్‌లో బిడ్డను చూశాను. ఒక్కటే. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, మేం దాచిన అయిదు వారాలతో సహా, పూర్తిగా ఇరవై వారాల బిడ్డ.

టైమ్‌టేబుల్, డిపో గుర్తింపు కార్డు మెళ్లో ఉండగానే పరిగెత్తుకొచ్చాడు. వరండాలో అత్తయ్య ముందు నిలబడి, "అమ్మా, ఆ తేదీ ఆలోచన నాది" అన్నాడు.

"నీ తెలివి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ సంచి పట్టుకో" అంది అత్తయ్య.

ఇంటికొచ్చాక అయిదు రోజులు మాకు అత్తయ్య మాటలు లేవు. టీ వస్తుంది, మందులు వస్తాయి, దుప్పటి మారుతుంది. మాట రాదు. ఆరో రోజు ముందు గదిలో కూర్చుని ఫోన్ చేయటం మొదలుపెట్టింది. తలుపు తీసే ఉంది.

"కవలలు కాదే, ఒక్కరే... అవును, నేనే చెప్పాను, తప్పు చెప్పాను... నర్సు తప్పు కాదు. పెళ్లికి ముందుదే, అయిదు వారాలు తేడా... నవ్వుకో, నవ్వుకో. నేను మాత్రం తక్కువ నవ్వానా జనాన్ని చూసి!"

తొమ్మిది ఫోన్లు. తొమ్మిదిసార్లు అదే మాట మొదటి నుంచీ చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని, కదలకూడదన్నారు కాబట్టి కదలకుండా, అన్నీ విన్నాను. నన్ను నాలుగు తిట్టినా అంత సిగ్గేసేది కాదు.

తొమ్మిదోది అయ్యాక వచ్చి మంచం చివర కూర్చుంది.

"నేను ఆ పైవాళ్ల పిల్ల మీద వేసిన జోకుకా నువ్వు భయపడింది?"

నేను తలూపాను.

"జోకు వేసినప్పుడు బాగానే ఉంది వెధవది" అంది. "పెళ్లికి ముందో వెనకో, అది మీ ఇద్దరి గొడవ. నేను దాన్ని ఎప్పుడో ఒకప్పుడు మింగేదాన్ని. కానీ ఆదివారం నీ నడుము నొక్కాను చూడు. బరువుకే నొప్పి, బరువుకే నొప్పి అంటూ గంటసేపు నొక్కాను. నీకు తెలుసు కాదని. నన్ను అలా నొక్కనిచ్చావు. అది మాత్రం నాకు మింగుడుపడట్లేదమ్మాయ్."

"తప్పే అత్తయ్యా."

"తప్పే. ఊరుకో అనను." లేచి దుప్పటి సర్దింది. "ఇకమీదట ఏం కనిపించినా ముందు నాకు చెప్పు. తిడతాను. తిట్టుకుంటూనే తీసుకెళ్తాను."

ఆరు వారాలు గడిచాయి. ఇప్పుడు ఇరవై ఆరు. కార్డు కొత్తది ఇచ్చారు. నేను ఎక్కువగా మంచం మీదే ఉంటున్నాను. కిటికీలో నుంచి బస్సులు లెక్కపెడతాను. ఏది టైముకొచ్చిందో చూసి సాయంత్రం మా ఆయన్ని ఏడిపిస్తాను. సంతోషాలు మళ్లీ ఒక్కొక్కటే వస్తున్నాయి. అయితే ఇదివరకు తలుపు తోసుకుని వచ్చేవి. ఇప్పుడు తట్టి వస్తున్నాయి.

మొన్న మధ్యాహ్నం నిద్రలేచేసరికి కింద చెమ్మ తగిలింది. మూడు నిమిషాలు అలాగే పడుకున్నాను. ఇంత జరిగాక కూడా నా మొదటి ఆలోచన, చెప్పాలా వద్దా అనే. మళ్లీ హడావిడి, మళ్లీ టాక్సీ, ఆవిడ చేతిలో మళ్లీ నా బూట్లు. అది ఉత్త చెమటేనని సాయంత్రం నర్సు తేల్చింది. ఆ మూడు నిమిషాల్లో నాకది తెలియదు.

"అత్తయ్యా!" అని అరిచాను.

చేతిలో తడిగుడ్డతో వచ్చేసింది. "ఏంటి? ఎప్పట్నుంచి?"

"మూడు నిమిషాల నుంచి."

"మూడు నిమిషాలు ఏం చేశావ్ తల్లీ, ముగ్గురు పిల్లల్ని కన్నావా?"

"సిగ్గుపడ్డాను."

అత్తయ్య అప్పటికే ఫోన్ తీసి నంబరు నొక్కుతోంది. "పడు, ఎవరు వద్దన్నారు? పడుతూ చెప్పు. ఏ రంగులో ఉంది? వాసనుందా? పొట్ట గట్టిగా ఉందా?" అని నన్నడుగుతూనే ఫోన్లో అవతలివాళ్లకు చెప్పింది, "ఇరవై ఆరు వారాలండి. నిజం వారాలే. వస్తున్నాం."